ఒక్క అణువునైనా పట్టే సిలికాన్ కన్ను



"మైక్రోస్కోపులో క్షయ క్రిములు కనబడలేదన్నారు, మిషన్ పరీక్షలో ఉన్నాయంటున్నారు. ఏది నమ్మాలి?" అనే సందేహం చాలామందికి కలుగుతుంది. రెండూ నిజమే కావచ్చు.

మైక్రోస్కోపులో కనబడాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుండి 10,000 క్రిములు ఉండాలి. సీబీనాట్ అని పిలిచే జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రానికి సుమారు 130 ఉన్నా చాలు. అది క్రిమి డి.ఎన్.ఎ. ముక్కకు కోట్లాది నకళ్లు తీసి, వాటికి అంటుకున్న రంగు పదార్థం ఇచ్చే వెలుగును సెన్సర్‌తో కొలుస్తుంది. ఫలితం దాదాపు రెండు గంటల్లో వస్తుంది.

నకళ్లు తీయకుండా ఒకే ఒక్క అణువును గుర్తించగలమా? గుర్తించగలం. 1989లో అమెరికాలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో విలియం మోర్నర్, లోథార్ కాడర్ ఒక్క అణువు కాంతిని పీల్చుకోవడాన్ని మొదటిసారి పసిగట్టారు. 2014 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో మోర్నర్ ఒకరు.

ఇప్పుడు ఇటువంటి పనికి వాడే సెన్సర్లలో ఒకటి సిలికాన్‌తో చేసిన అవలాంచి ఫోటోడయోడ్. కాంతి కణం ఒకటి దానిపై పడితే ఒక ఎలక్ట్రాన్ కదులుతుంది. లోపలి విద్యుత్ ఒత్తిడికి అది వేగంగా పరుగెత్తి మరికొన్నిటిని కదిలిస్తుంది. కొండపై జారిన ఒక్క రాయి వంద రాళ్లను దొర్లించినట్టు, క్షణంలో లెక్కించదగినంత విద్యుత్ పుడుతుంది. అయితే పట్టపగలు నక్షత్రం కనబడనట్టే, చుట్టూ వేరే వెలుగు ఉంటే అణువు వెలుగు తెలియదు. అందుకే చీకటి, ఫిల్టర్లు, అతి చిన్న నమూనా అవసరం.

ఇక్కడ మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. అణువు కనబడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చనిపోయిన క్షయ క్రిముల డి.ఎన్.ఎ. కొంతకాలం శరీరంలో మిగిలి ఉండవచ్చు. మందులు పూర్తిగా వాడి నయమైన వారికి కూడా సీబీనాట్ పాజిటివ్ రావచ్చు. అందుకే చికిత్స ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి మైక్రోస్కోపు, కల్చర్ పరీక్షలనే వాడతారు.

కాబట్టి:

- రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి.
- ఉమ్మి కాకుండా, లోతుగా దగ్గి తీసిన తెమడనే ఇవ్వండి.
- గతంలో క్షయకు మందులు వాడి ఉంటే సిగ్గుపడక డాక్టరుగారికి చెప్పండి.
- రిపోర్టు చూసి మీ అంతట మీరే మందులు మొదలుపెట్టకండి, మానకండి.

యంత్రం ఎంత చిన్నదాన్నైనా చూస్తుంది. మీ గత చరిత్రను మాత్రం మీరే చెప్పాలి.