ట్రాఫిక్ లేని దారి ఎక్కడుంది? మేడ్చల్, శామీర్‌పేట బండ్ల బాటల్లో గ్రావెల్ సైక్లింగ్

ఈరోజు ఎపిసోడ్ గ్రావెల్ బైక్ గురించి. బైక్ అనగానే బుల్లెట్ అనుకోకండి. పెట్రోల్ అక్కర్లేని బైక్, అంటే సైకిలే.

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఆల్ప్స్ లోయ, చుట్టూ మంచు కొండలు, మధ్యలో మట్టి రోడ్డు. ఒక్క కారు కూడా ఉండదు. ఎవరో హాయిగా సైకిల్ తొక్కుతూ పోతుంటారు. అది చూసి "మనకెక్కడిది భయ్యా ఆ అదృష్టం" అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత ఆ దారుల్లో ఒకదాని గురించి చదివా. ఇటలీలో సూసా, కిసోనె అనే రెండు లోయల మధ్య, కొండల అంచు మీద అస్సియెట్టా అనే మట్టి రోడ్డు ఉంది. కొన్నిచోట్ల 2,400 మీటర్ల ఎత్తు దాటుతుంది. దాన్ని సైకిళ్ల కోసం వేయలేదు, సైన్యం కోసం వేశారు. ఇప్పుడు జులై, ఆగస్టుల్లో బుధ, శనివారాలు పగటిపూట ఆ రోడ్డు మీద కార్లు, మోటార్‌సైకిళ్లు ఆపేస్తారు.

అంటే ఇంకేదో పని కోసం వేసిన పాత దారే అక్కడ సైకిల్ దారి అయింది. మరి మన దగ్గర పాత దారులు లేవా? ఉన్నాయి. వాటినే మనం బండ్ల బాటలు అంటాం.

నేను తారు రోడ్డు ఎందుకు వదిలేశానంటే

మ్యాప్ ఒకసారి ఊహించుకోండి. ఎడమవైపు మేడ్చల్ మీదుగా నేషనల్ హైవే 44 ఉత్తరానికి పోతుంది. కుడివైపు శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు పోతుంది. కింద అడ్డంగా ఔటర్ రింగ్ రోడ్డు. మేడ్చల్ దగ్గర ఎగ్జిట్ 6, శామీర్‌పేట దగ్గర ఎగ్జిట్ 7. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని కూడా రానివ్వరు, ఇక సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. మనకి మిగిలేది సర్వీస్ రోడ్డు. ఆ రోడ్డు టిప్పర్లదీ, కంటైనర్లదీ.

రెండేళ్ల కింద అక్కడే, ఇంకా సరిగ్గా తెల్లారకముందు, ఒక టిప్పర్ నా మోచేతికి జానెడు దూరంలో పోయింది. తగల్లేదు, కానీ ఆ గాలికే రోడ్డు దిగి పడ్డా. మోకాలికి ఆరు కుట్లు. ఇంటికొచ్చాక అమ్మ ఏం అనలేదు. సైకిల్ తాళం చెవి మాత్రం దాచేసింది. నెల రోజులు బతిమాలితే, "లారీలు రాని దారిలో అయితేనే పో" అని తిరిగి ఇచ్చింది. ట్రాఫిక్ లేని దారి వెతకడం నాకు ఫ్యాషన్ కాదు, అమ్మతో చేసుకున్న అగ్రిమెంట్.

ఈ సైకిల్‌లో స్పెషల్ ఏంటి?

రోడ్ బైక్ టైరు వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. మౌంటెన్ బైక్‌ది 55 పైనే. గ్రావెల్ బైక్ ఈ రెండింటి మధ్య, 35 నుంచి 50 వరకు. హ్యాండిల్ రోడ్ బైక్ లాగా కిందికి వంగి ఉంటుంది, డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి తేలికైన గేర్లు. అంతే.

అసలు ఆట గాలిలో ఉంది. చాలామంది టైరు రాయిలా గట్టిగా ఉంటే స్పీడ్ వస్తుందనుకుంటారు. నున్నటి రోడ్డు మీద అది కొంతవరకు నిజం. మొరం మీద మాత్రం రివర్స్. గట్టి టైరు రాయిని తగిలినప్పుడల్లా సైకిల్‌నీ మిమ్మల్నీ కలిపి పైకి ఎత్తేస్తుంది. ముందుకి పోవాల్సిన మీ శక్తి ఒళ్లు ఊగడానికి ఖర్చవుతుంది. గాలి కొంచెం తక్కువుంటే టైరే రాయి చుట్టూ అణిగి, దాని మీదుగా దొర్లిపోతుంది. నా బరువు 72 కిలోలు. 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లకి ముందు 32, వెనక 35 పీఎస్ఐ పెడతా. ట్యూబ్ ఉన్న టైరైతే ఇంకో ఐదు కలపండి. లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది.

దీనికోసం కొత్త సైకిల్ కొనక్కర్లేదు. ఇంట్లో హైబ్రిడ్ గానీ, పాత మౌంటెన్ బైక్ గానీ ఉంటే చాలు. టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా, పట్టినంత వెడల్పు టైరు వేయించండి.

మన నేల మన కొండ

ఆల్ప్స్‌లో కష్టం ఎత్తుది. మన దగ్గర కష్టం నేలది. ఇక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అది ఎండకీ వానకీ అరిగి ముక్కలైతే వచ్చేదే మొరం. గట్టి నేల మీద పల్చగా మొరం పరుచుకుంటే బాల్ బేరింగుల మీద నడిచినట్టే ఉంటుంది. అందుకే మలుపులో బ్రేక్ పట్టకండి. మలుపుకి ముందే స్లో చేసి, లోపల బ్రేక్ వదిలేయండి. ఇసుక వస్తే హ్యాండిల్ గట్టిగా బిగించకండి. చేతులు లూజుగా, బరువు కొంచెం వెనక్కి, చూపు దూరంగా పెట్టి పెడల్ ఆపకుండా తొక్కండి.

వాన పడితే నేల రంగు చూడండి. ఎర్ర చల్క అయితే నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, మర్నాడే తొక్కొచ్చు. చెరువు కింద పొలాల్లో నల్ల రేగడి ఉంటే ఆ దారి వదిలేయండి. ఆ మట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, టైరుకీ ఫ్రేముకీ మధ్య సిమెంటులా పట్టేస్తుంది. బలవంతంగా తొక్కితే వెనక గేరు విరగొచ్చు. అప్పుడు సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోస్తారు.

ఇక అసలు విలన్లు పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు. ట్యూబ్‌లెస్ టైర్లో పోసే సీలెంట్ చిన్న చిల్లుల్ని తనే మూసేస్తుంది. మన ఎండకి అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి చెక్ చేసుకోండి. స్పేర్ ట్యూబ్, పంపు, రెండు బాటిళ్ల నీళ్లు మాత్రం మర్చిపోవద్దు. ఎండాకాలంలో ఐదున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండండి.

దారి వెతకడం ఎలా?

శాటిలైట్ మ్యాప్ ఓపెన్ చేసి ముందు చెరువు పట్టుకోండి. మన దగ్గర చెరువు ఉందంటే కట్ట ఉంటుంది. కట్ట ఉందంటే ఊరి నుంచి దాని దాకా, అక్కణ్ణుంచి పొలాల దాకా బాట ఉంటుంది. శామీర్‌పేట పెద్ద చెరువు అందరికీ తెలుసు. కానీ ఆదివారం అక్కడ రోడ్డు పక్కంతా కార్లే. రెండు హైవేల మధ్యలో పూడూరు, మునీరాబాద్, బొమ్మరాసిపేట, పొన్నాల లాంటి ఊళ్లున్నాయి కదా, వాటి చిన్న చెరువుల చుట్టూ వెతకండి. అక్కడ ఎదురొచ్చేవి గొర్లు, బర్లు, అప్పుడప్పుడు ట్రాక్టర్.

ఒక పదం గుర్తుపెట్టుకోండి: నక్ష బాట. రెవెన్యూ వాళ్ల దగ్గర చాలా ఊళ్లకి నక్ష ఉంటుంది. అందులో గుర్తించి ఉన్న బండ్ల బాట ఊరందరిదీ. నక్షలో లేకుండా ఒక రైతు చేను గట్టు మీదుగా పోయే దారి మామూలుగా ఆ రైతు దయ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అది తెలియకే నేను పెద్ద తప్పు చేశా.

పోయిన ఏడాది ఒక దారికి అడ్డంగా ముళ్ల కంప పెట్టి ఉంది. పక్కకి జరిపి దాటా. టైమ్ అవుతోందని తిరిగి పెట్టలేదు. వారం తర్వాత వెళ్తే అక్కడ నాలుగు వరసల ముళ్ల తీగ, పక్కన ఒక తాత. నా వెనకే బర్లు లోపలికొచ్చి మక్కచేను మేసి పోయాయట. "బాట అడిగితే ఇద్దును బిడ్డా. కంప తీసినోడు పెట్టాలె గదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "తాతా, తీసింది నేనే" అని చెప్పా. నష్టానికి డబ్బులిస్తే తీసుకోలేదు. తీగ కూడా తీయలేదు. ఆ దారి నాకే కాదు, దాంట్లో రోజూ బడికి పోయే పిల్లలకి కూడా పోయింది. ఇప్పుడు వాళ్లు తారు రోడ్డు మీద, లారీల పక్కన నడుస్తున్నారు. నేను ఏ రోడ్డు నుంచి పారిపోయి వచ్చానో, అలాంటి రోడ్డు మీదికే వాళ్లని పంపించా.

అందుకే ఇప్పుడు నా రూల్స్ మారాయి. కంప తీస్తే తిరిగి పెట్టాలి. మనిషి కనిపిస్తే సైకిల్ దిగి, "ఈ బాటల పోవచ్చా తాతా" అని అడగాలి. పశువులు ఎదురైతే ఆగాలి. వడ్లు ఆరబోసిన చోట సైకిల్ భుజాన వేసుకుని పక్కనుంచి నడవాలి. నలుగురి కంటే ఎక్కువమందితో పోకూడదు.

ఇంకొకటి. వెంచర్లు వచ్చేకొద్దీ కొన్ని బాటలు గోడల వెనక మాయమవుతున్నాయి. ఆ బాట ఊరిదే అని చెప్పడానికి పనికొచ్చేది నక్ష, మన ఫోన్ మ్యాప్ కాదు. కానీ ఎవరూ నడవని బాటని మూసేస్తే అడిగేవాళ్లు కూడా ఉండరు. అందుకే నేను తొక్కిన ప్రతి బాటనీ, ఊళ్లో అడిగి అది అందరిదే అని కన్ఫర్మ్ చేసుకున్నాకే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కిస్తున్నా. అది ఎవరైనా ఎడిట్ చేయగల మ్యాప్. మట్టా, మొరమా, తారా అని కూడా రాయొచ్చు. మీ దగ్గర సైకిల్ లేకపోయినా, మీ అమ్మమ్మ వాళ్ల ఊరి బాటని మీరూ ఎక్కించొచ్చు.

మొన్న ఆదివారం మళ్లీ ఆ తాత దగ్గరికి వెళ్లా. తీగ ఇంకా అలాగే ఉంది. పిల్లల కోసం ఒక చిన్న గేటు పెట్టుకుందాం, ఖర్చు నాది అన్నా. "యాసంగి పంట తీసినంక చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాడంటే వద్దు అనలేదన్నమాట! ఏమైందో మీకు తప్పకుండా చెప్తా. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోండి, తీసిన కంప పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.