గోడలోని గొట్టము ఏల మ్రోగును?

గృహప్రవేశమైన వారమునాళ్ళకే కొన్ని క్రొత్త యిండ్లలో ఒక ఫిర్యాదు బయలుదేరును. రాత్రి ఎవరో కొళాయి కట్టగానే గోడలో "ధణ్" మని మ్రోత. తెల్లవారి స్నానముల వేళ గీజరు నీళ్ళు వదలినప్పుడు "టిక్కు, టిక్కు" మని మరొక చప్పుడు. వాస్తుదోషమని ఒకరు, ప్లంబరు దోషమని మరొకరు అందురు. ప్లంబరును అనువారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఈ రెండు చప్పుళ్ళకు కారణములు వేరు. చెవియొగ్గి వినినచో, గోడ పగులగొట్టకయే ఏది ఏదో తేల్చవచ్చును.

మొదటిది నీటి జడత్వము వలన కలుగును. 25 మిల్లీమీటర్ల లోవ్యాసము, 30 మీటర్ల పొడవు గల ఇనుప గొట్టమును తీసికొందము. అందులో పట్టు నీరు దాదాపు 15 కిలోగ్రాములు. అది సెకనుకు ఒక మీటరు వేగముతో పోవుచుండగా దారి మూసినామనుకొనుడు. ముందున్న నీరు ఆగును. వెనుకనున్న నీరు ఆ సంగతి తెలియక త్రోసికొని వచ్చును. నీరు నొక్కుడుపడదని తరగతిలో చెప్పుదుము గాని, రవంత నొక్కుడుపడును. ఆ నొక్కుడే తరంగమై సెకనుకు సుమారు 1,300 మీటర్ల వేగముతో వెనుకకు పరుగెత్తును. 1897-98లో నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టములపై ప్రయోగములు చేసి దీని లెక్క తేల్చెను: నీటి సాంద్రతను, తరంగవేగమును, తగ్గిన ప్రవాహవేగమును గుణించినచో పెరిగిన పీడనము వచ్చును. మన గొట్టమునకు అది 13 లక్షల పాస్కల్‌లు, అనగా దాదాపు 13 వాతావరణ పీడనములు. తొట్టి 130 మీటర్ల ఎత్తున ఉన్నట్లే! దీనినే "నీటి సుత్తి" యందురు.

అయితే తరంగము పోయి తిరిగివచ్చులోపల, అనగా సెకనులో ఇరువదవవంతు కంటె తక్కువ కాలములో, కొళాయి మూసిననే ఇంత దెబ్బ. సెకనులో అయిదవవంతు కాలము పట్టినచో అది సుమారు మూడు వాతావరణ పీడనములకు దిగును. చేతితో మూయు కొళాయి కంటె, బట్టలుతుకు యంత్రములో తటాలున మూసికొను విద్యుత్ కవాటము ఎక్కువ మ్రోగుటకు కారణమిదే. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు, పైకెక్కుచున్న నీరు వెనుకకు మరలి కవాటమును మోదుటయు ఈ కోవలోనిదే. గొట్టమును గోడకు గట్టిగా బిగింపనిచో అది ఎగిరి గోడను కొట్టును. నాళ్ళు గడచినకొలది అతుకులు వదులై గోడ చెమ్మగిల్లును.

రెండవ చప్పుడు వ్యాకోచము వలన వచ్చునది. నేడు వేడినీటికి వాడు ప్లాస్టిక్ గొట్టము నాలుగు మీటర్ల పొడవున్నది 25 డిగ్రీలనుండి 60 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కినచో సుమారు 9 మిల్లీమీటర్లు సాగును. ఇనుపది రెండు మిల్లీమీటర్లయినను సాగదు. సాగుటకు చోటీయక సిమెంటుతో బిగించినచో, బరువైన బీరువాను జరపినట్లు, కొంతసేపు పట్టుకొని ఒక్కసారి జారును. ఆ జారుటయే "టిక్కు". చలిదేశములలో గదులను వెచ్చచేయుటకు ఇల్లంతట వేడినీటి గొట్టములు త్రిప్పుదురు గనుక అచ్చట ఈ బాధ మరింత హెచ్చు.

పూత పూయకముందే మేలుకొనవలెను. వేడినీటి గొట్టము గోడను దాటుచోట దానికంటె పెద్ద గొట్టపు ముక్కను తొడిగినచో అది స్వేచ్ఛగా జరుగును. చన్నీటి గొట్టమును రబ్బరు వేసిన క్లాంపులతో బిగింపవలెను. మ్రోగు కొళాయి దగ్గర, పైకొన మూసిన చిన్న నిలువు గొట్టమును అతికినచో అందలి గాలి మెత్తవలె దెబ్బను ఓర్చుకొనును. ఆ గాలి క్రమముగా నీటిలో కరగిపోవును. అప్పుడు గొట్టములలోని నీరంతయు దించి మరల నింపినచో చాలును.