చిట్టాలో నుండియే పటమును చూచు విధము

సభ్యుల చిట్టాను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసులో ఉంచుకొను సంఘముల గుమాస్తాలకు ఈ నాలుగు మాటలు పనికివచ్చును. కుటుంబము పేరు, మగ్గముల లెక్క, ఇంటి అక్షాంశ రేఖాంశములు చిట్టాలో ఉండును. జిల్లా సరిహద్దులు మాత్రము వేరుగా షేప్ ఫైలులో ఉండును. ఎవరిది ఏ జిల్లాయో తేల్చుటకు రెండును కలియవలెను.

పటమును ఒకసారి చిట్టాలోనికి ఎక్కించి ఊరకుండుట వాడుక. చిక్కంతయు అందులోనే కలదు. 2019లో కాంచీపురము నుండి చెంగల్పట్టు విడివడినది. ఆ ఏడే వేలూరు మూడు జిల్లాలైనది. 2021లో బళ్ళారి నుండి విజయనగర జిల్లా ఏర్పడినది. అంతకు ముందు ఎక్కించిన ప్రతి ఇవేవియు ఎరుగదు. నేనెరిగిన ఒక సంఘమున ఇట్టి పాత ప్రతితో జాబితా తీసిరి. కొత్త జిల్లావారి కాగితములన్నియు పాత జిల్లాకు పోయి, తిరిగి వచ్చుసరికి గడువు దాటిపోయినది.

పటమును ఉన్నచోటనే ఉంచి, చిట్టాయే దానిని చదువునట్లు చేయుట మేలు. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకు ఫారిన్ డేటా రాపర్ అను ఏర్పాటు 2011 నుండి కలదు. పటముల కొరకు పాల్ రామ్సే వ్రాసిన ఓజిఆర్-ఎఫ్‌డిడబ్ల్యు ఉన్నది. దీనిని, పోస్ట్‌జిఐఎస్‌ను డేటాబేసునకు చేర్చి, పటము ఏ ఫోల్డరులో ఏ రూపమున ఉన్నదో 'క్రియేట్ సర్వర్' ఆజ్ఞతో తెలుపవలెను. పిమ్మట 'ఇంపోర్ట్ ఫారిన్ స్కీమా' అనినచో పటము మన పట్టికలలో ఒకటివలె కనబడును. అందులో సరుకేమియు ఉండదు. అడిగిన క్షణమున ఫైలును తెరచి చదివి చెప్పును. అదే పేరుతో, అవే గడులతో కొత్త ఫైలు పెట్టినచో జవాబు కూడ కొత్తదగును.

ఫైలు డేటాబేసు నడచు యంత్రములోనే ఉండవలెను, మీ బల్లమీది యంత్రములో కాదు. షేప్ ఫైలనగా ఒక్కటి కాదు: ఎస్‌హెచ్‌పి, ఎస్‌హెచ్‌ఎక్స్, డిబిఎఫ్ మూడును రావలెను. పిఆర్‌జె కూడ ఉన్ననే కొలత ఏదో తెలియును. చాలమంది మొదటిదొక్కటే పంపి, పని జరుగలేదందురు. చిట్టా పెద్దదైనచో ప్రతిసారి ఫైలు చదువుట ఆలస్యమగును. అప్పుడు మెటీరియలైజ్డ్ వ్యూ కట్టి, పటము మారినపుడెల్ల 'రిఫ్రెష్' చేయవలెను. చేయుట మరచితిరా, మరల పాత ప్రతి కథయే.

బిందువు వ్రాయునపుడు రేఖాంశము ముందు, అక్షాంశము వెనుక. యానాం సుమారు 82.2, 16.7. తారుమారైనచో ఆ ఇల్లు ఆర్కిటిక్ సముద్రములో తేలును! యంత్రము తప్పనదు, ఏ జిల్లాలోను పడని కుటుంబమును మామూలు జోడింపు చప్పుడు లేక జాబితానుండి జార్చివేయును. బిందువు సరియైనను, ఆంధ్ర పటమొక్కటే పెట్టినచో యానాంవారికి ఇదే గతి, అది పుదుచ్చేరిలోనిది గనుక. కావున 'లెఫ్ట్ జాయిన్'తో జోడించి, జిల్లా గడి ఖాళీగా ఉన్న పేర్లను ముందు చూడుడు. జాబితాను ఆ తరువాతనే పంపుడు.