డబ్బా మీద అంకెల గమ్మత్తులు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా కంప్యూటర్ సామాను కొనబోతే ముందు వినిపించేవి అంకెలే. అవి చాలావరకు నిజాలే. కిటుకంతా పక్కనున్న కొలతలో ఉంటుంది.

ఎక్కువ పేర్లు మార్చుకున్నది: 2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది. 2013లో 3.1 జెన్ 1 అయింది, ఆ తర్వాత 3.2 జెన్ 1 అయింది. వేగం మాత్రం అదే, సెకనుకు 5 గిగాబిట్లు.

ఎక్కువ ‘మాయమయ్యేది’: 1 టీబీ హార్డ్‌డిస్క్ తగిలిస్తే విండోస్ చూపించేది 931 జీబీ. కంపెనీ లెక్క లక్ష కోట్ల బైట్లు. విండోస్ వెయ్యికి బదులు 1,024తో భాగిస్తుంది. దీని మీద అమెరికాలో వెస్టర్న్ డిజిటల్‌పై దావా వేస్తే 2006లో రాజీ కుదిరింది. కొన్నవాళ్లకు దక్కింది ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్!

హోరాహోరీ పందెం: 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను ఏఎండీ 2000 మార్చి 6న ప్రకటిస్తే, ఇంటెల్ 8న ప్రకటించింది. మరుసటి ఏడాదికే ఏఎండీ మాట మార్చింది. 1.53 గిగాహెర్ట్జ్‌తో నడిచే చిప్‌కి ‘అథ్లాన్ ఎక్స్‌పీ 1800+’ అని పేరు పెట్టింది. గిగాహెర్ట్జ్ చూసి కాదు, పని చూసి కొనమంది.

గట్టిగా అరిచే అంకె: “వెయ్యి వాట్లు సార్, వీధంతా దద్దరిల్లిపోద్ది!” స్పీకర్ల డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పే అంకె) కథ ఇది. ఆ మూడు సున్నాలకు ఏ ప్రమాణమూ లేదు. అడాప్టర్ తిరగేసి చూడండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అందే మొత్తం పవరే 12 వాట్లు. అడగాల్సింది నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు.

నత్తనడక ‘బ్రాడ్‌బ్యాండ్’: 2004లో మన దేశంలో 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండే. 5 ఎంబీ పాట దిగడానికి రెండున్నర నిమిషాలు. 2013లో 512 కేబీపీఎస్‌కి, 2023లో 2 ఎంబీపీఎస్‌కి హద్దు పెంచారు.

చిన్న అక్షరం, పెద్ద తేడా: కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో నెలకు రూ.149కి 15 ఎంబీపీఎస్. అవి మెగాబిట్లు; ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, మెగాబైట్లలో రెండుకి లోపే. వంద సెకన్లలో దిగుతుందనుకున్న 1.5 జీబీ సినిమాకి 13 నిమిషాలు దాటుతుంది. ఏ కంపెనీ ప్యాకేజీ అయినా ముందు ఎనిమిదితో భాగించి, అప్పుడు బేరమాడండి.