మీకు తెలుసా? మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రం రాళ్ల వాన!

ఆవకాయ కారానికి బేగంబజార్ పోతున్నారా? జర ఇటు రండి, ఒక ముచ్చట చెప్తా! మధ్యాహ్నం ఎండ నడినెత్తిన మాడుస్తుంది. నాలుగు దాటేసరికి ఆకాశం నల్లబడుతుంది. ఎండకూ వానకూ పడదనుకుంటున్నారా? అస్సలు కాదు! ఆ వానను వండేది ఈ ఎండే! నేల కాలితే గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయి చల్లబడి మబ్బు కడుతుంది. పగలు 40 డిగ్రీలు దాటిందా? సాయంత్రం మీద ఓ కన్నేసి ఉంచండి!

మరి ఆ మబ్బుకు తేమ ఎక్కడిది? మూసీది కాదు! బంగాళాఖాతానిది! దాని ఒడ్డునున్న మచిలీపట్నం మన హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. అంత దూరం నుంచి గాలి ఆ తేమను మోసుకొస్తుంది. ఏ హమాలీ ఎత్తలేని మూట అది!

వార్తల్లో రోజూ వింటుంటారు కదా, ‘విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి, సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో’ అని. వాన తెచ్చే ఆ తక్కువ ఒత్తిడి గాలి పట్టీ ఎక్కడో ఆకాశంలో అనుకుంటాం. కానీ హైదరాబాద్ నేలే సముద్రానికి అర కిలోమీటరు ఎత్తున ఉంది! అంటే ఆ ద్రోణి మన మేడ మీంచి చూస్తే 400 మీటర్ల ఎత్తులోనే!

ఇంకోటి చెప్తా, నమ్మరు! ఎండకు చెప్పు రోడ్డుకు అంటుకుంటోందా? సరిగ్గా మీ నెత్తి మీద 5 కిలోమీటర్లు పైకి పోండి. నీళ్లు గడ్డకట్టే చలి! మే నెలలోనూ అంతే!

సాయంత్రం పడమట గోపురంలా లేచే మబ్బును చూశారా? పేపర్లలో క్యుములోనింబస్ అని రాస్తారు. దాని కొన 15 కిలోమీటర్ల ఎత్తుకు చేరగలదు! ఇక్కడి నుంచి శంషాబాద్ ఎంత దూరమో, నిటారుగా అంత! ఎవరెస్ట్ దాని నడుము దాకా వస్తే గొప్ప!

ఇప్పుడు అసలు ముచ్చట! రాళ్ల వాన ఎండాకాలంలోనే ఎందుకంటారు? నేల ఎంత కాలితే గాలి అంత జోరుగా పైకి తంతుంది. మంచు ముక్కను కింద పడనివ్వదు. పైనే తిప్పి తిప్పి పొర మీద పొర వేస్తుంది. ఇక మోయలేనంత బరువయ్యాకే వదిలేస్తుంది. ఎంత బరువు? 1939 మార్చి 17న హైదరాబాద్‌లో ఏకంగా 3.4 కిలోల వడగల్లు పడిందని పాత లెక్కల్లో ఉంది! గోళీ అంత కాదు, నిమ్మకాయంత కాదు, మూడు కిలోల పైన! నాలుగైదు రాళ్లు అతుక్కుని ఒక్కటై ఉంటాయని నిపుణుల అనుమానం. ఉంటే ఉండనీ! నెత్తిన పడేటప్పుడు ఎన్ని అతుక్కున్నాయని లెక్కపెడతామా!

మరి నిపుణులు ఒప్పుకున్న ప్రపంచ రికార్డు? 1986లో బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడిన రాయిది. దాని బరువు 1.02 కిలోలు! అదీ ఏప్రిల్‌లోనే!

మొదటి చినుకులు లావుగా, టపటపమని పడతాయి గమనించారా? లావు చినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది! శనివారం సాయంత్రం బేగంబజార్ గల్లీలో ఆ వేగంతో పోయే ఆటోను చూపించండి, చూద్దాం!

చినుకు కన్నా ముందు గాలి వస్తుంది. మిర్చి దుకాణం ముందు నిలబడి చూడండి. ఒక్కసారిగా చల్లని గాలి! ఎర్రటి కారం లేచి కళ్లలో పడుతుంది. లోపల జీడిపప్పు డబ్బాలకు టపటపా మూతలు. బయట బస్తాల మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా నలుగురు పట్టుకుంటారు. అయినా చేతుల్లోంచి లాక్కుపోతుంది! ఎందుకో తెలుసా? గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు. 4 రెట్లు! అందుకే మామూలు గాలికి కదలని రేకు ఈదురు గాలికి పక్క మేడ ఎక్కుతుంది!

రేకుల సంగతి సరే, చార్మినార్‌నే వదల్లేదు! 2025 ఏప్రిల్ 3. సాయంత్రం కుండపోత. ఒక మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడి పడింది! 434 ఏళ్ల కట్టడం మీద ఒక్క ఎండాకాలపు వాన గీత గీసి పోయింది!

మెరుపు సంగతి చెప్పనా? వేలెడంత మందం కూడా ఉండదు. కానీ దాని దారిలో గాలి 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది! సూర్యుడి పైభాగం కూడా అంత వేడి కాదు. ఐదు రెట్లు తక్కువే!

ఇంట్లో కూర్చుని ఒక ఆట ఆడండి. గోల్కొండ మీద మెరిసింది అనుకోండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మీ ఇల్లు బేగంబజార్‌లో అయితే దాదాపు 20 దగ్గర ఉరుము వినిపిస్తుంది! మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్క. లెక్కపెట్టే లోపే ఫెళ్లుమందా? ఆట ఆపి కిటికీ మూసేయండి!

అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి తోటలో ఒక చింతచెట్టు ఉంది, ఎరుకేనా? 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది బతికారు! అది వరద కథ. అదే చెట్టు కిందకు ఉరుముల్లో మాత్రం పోకూడదు! వరదలో కాపాడిన ఎత్తే పిడుగును పిలుస్తుంది!

ఈ వారం రంజన్‌లో నీళ్లు చల్లబడట్లేదని ఇంట్లో గొడవా? పాపం, రంజన్ తప్పేం లేదు! కుండ గోడ మీద ఊరిన నీరు ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడేది. ఒక్క గ్రాము ఆవిరైతే చాలు, దాదాపు 580 కెలోరీల వేడి లాగేస్తుంది! వాన ముందు గాలి నిండా తేమే. ఆవిరికి చోటేది? మీ చెమట ఆరకపోవడానికీ, కూలర్ ఉసూరుమనడానికీ ఇదే కారణం! రంజన్ మొరాయించిందంటే మబ్బు దగ్గర్లోనే ఉందన్నమాట!

వాన పడ్డాక మట్టి వాసన! అబ్బ! ఆ పరిమళానికి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నేలలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. లక్ష కోట్ల వంతుల్లో 5 వంతులున్నా మన ముక్కు పసిగడుతుంది! కన్నౌజ్ వాళ్లు ఈ మట్టి వాసననే అత్తరుగా పట్టి సీసాల్లో అమ్ముతారు. మనకేమో మే నెలలో ఉచితం!

‘ఒకటి రెండు చోట్ల వానలు’ అన్నారు, మా వీధిలో చినుకు పడలేదని వాతావరణ శాఖను తిట్టుకున్నారా? ఆగండి! ఆ మాటకు ఒక కొలత ఉంది! ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతం మించకుండా వాన పడుతుందని అర్థం. అంటే ముప్పావు వంతు ఊరు పొడిగా ఉన్నా వాళ్ల జోస్యం ఫలించినట్టే!

ఆ జోస్యం కోసం బేగంపేటలో రోజూ బెలూన్ ఎగరేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి! తేమ, వేడి, గాలి కొలుస్తూ 30 కిలోమీటర్ల ఎత్తుకు పోయి పటేల్‌మని పగులుతుంది. హైదరాబాద్ ఒక్కటే కాదండోయ్, ప్రపంచమంతా వందల ఊళ్లలో ఒకే వేళకు ఎగరేస్తారు!

అన్నట్టు, ఈ చిరువానలు చూసి కూలర్ అటక ఎక్కించకండి! నగరంలో నమోదైన అత్యధిక వేడి 45.5 డిగ్రీలు. ఎప్పుడో తెలుసా? 1966 జూన్ 2న! రోహిణి కార్తె నడిమధ్య! రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అన్నారా!

మీ డాబా 100 గజాలా? ఒక్క సెంటీమీటరు వాన పడిందనుకోండి. దాని మీద పడే నీళ్లు దాదాపు 836 లీటర్లు! ‘అబ్బే, ఇది కూడా వానేనా’ అని తీసిపారేస్తామే, ఆ వానకే! డ్రమ్ములు బయట పెట్టారా లేదా?

చివరిది, మరీ చిత్రమైనది! వాన లెక్కకు రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు. ఉదయం 8:30కి! అప్పుడు మొదలుపెట్టి మర్నాడు అదే వేళ దాకా పడ్డదంతా మర్నాటి తేదీ కిందే రాస్తారు. సోమవారం సాయంత్రం బేగంబజార్‌లో మోకాళ్ల దాకా తడిసి ఇంటికొచ్చారా? లెక్క పుస్తకంలో అది మంగళవారం వాన!