నడిమి రంగును ఎంచేదెవరు?

టీవీ వార్తల శీర్షికల వెనుక పారాడే నీలిపట్టీలోనూ, పెళ్లి వీడియో మొదట్లో వధూవరుల పేర్ల వెనుక నెమ్మదిగా రంగు మారే తెరలోనూ, విజయనగరం సిరిమానోత్సవం వంటి జాతరల ప్రచార వీడియోల నేపథ్యంలోనూ కనిపించే రంగుల కదలికను మోషన్ గ్రాఫిక్స్ రంగంలో యానిమేటెడ్ గ్రేడియంట్ అంటారు. ఒక రంగు ఎక్కడ ముగిసిందో, మరొకటి ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేనంత మెల్లగా రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయే పూతే గ్రేడియంట్. ఆ పూతలోని రంగులు గాని, వాటి స్థానాలు గాని కాలంతోపాటు మారుతూ ఉంటే అది యానిమేటెడ్ గ్రేడియంట్ అవుతుంది.

ఈ పనికి ఎక్కువగా వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో అమెరికాలోని కోసా అనే చిన్న సంస్థ నుంచి వెలువడి, ఆల్డస్ అనే సంస్థ చేతికి వెళ్లి, 1994లో అడోబీకి చేరింది. అందులోని గ్రేడియంట్ ర్యాంప్ రెండు రంగులను నిలువుగానో, అడ్డంగానో, వలయంగానో కలుపుతుంది. ఫోర్ కలర్ గ్రేడియంట్ తెర మీద నాలుగు బిందువులు పెట్టి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు ఇవ్వనిస్తుంది. మొదటి క్షణంలో ఒక బిందువు ఎక్కడుందో, దాని రంగేమిటో ఒక గుర్తు పెట్టి, పది సెకన్ల తరువాత ఎక్కడ, ఏ రంగులో ఉండాలో మరో గుర్తు పెడితే, మధ్యలోని ఫ్రేములన్నిటినీ సాఫ్ట్‌వేర్ తానే లెక్కకట్టి నింపుతుంది. ఆ గుర్తులను కీఫ్రేములంటారు. మన టీవీ ప్రమాణం ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు గనుక పది సెకన్లకు 250 బొమ్మలు అవసరం కాగా, మనిషి చేత్తో పెట్టేవి రెండే. నేర్చుకోవడానికి డబ్బు పెట్టలేని విద్యార్థులకు ఉచితంగా దొరికే బ్లెండర్, డావిన్సీ రిజాల్వ్‌ల లోనూ ఇదే పద్ధతి.

చిక్కంతా సాఫ్ట్‌వేర్ తానే నింపే ఆ నడిమి భాగంలోనే ఉంది. కంప్యూటరుకు రంగు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను 0 నుంచి 255 వరకు చెప్పే మూడు అంకెలు. నిండు నారింజను 255, 128, 0 అనీ, ఆకాశనీలాన్ని 0, 128, 255 అనీ రాస్తే, ఈ రెండింటికీ సరిగ్గా మధ్యనున్న విలువ 128, 128, 128, అంటే ఉత్త బూడిదరంగు. పైగా ఈ అంకెలు కాంతి పరిమాణంతో సమానంగా పెరగవు; 128 అన్న అంకె తెర మీద ఇచ్చే వెలుగు పూర్తి వెలుగులో ఐదో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే. కొత్తగా నేర్చినవారు చేసిన సూర్యోదయాల మధ్యలో మసి పూసినట్టు ఒక చార కనిపించడానికి కారణం ఇదే. అంకెలను కాక అసలు కాంతి పరిమాణాన్ని కలిపే పద్ధతి ఎంచుకుంటే, ఆ రెండు రంగుల నడుమ బూడిదకు బదులు లేత ఊదా వస్తుంది. రంగుల చక్రం చుట్టూ తిప్పి కలిపే పద్ధతిలోనైతే నారింజ నుంచి నీలానికి పోయే దారి ఆకుపచ్చ మీదుగానో, గులాబీ మీదుగానో పోవలసిందే. 2020లో బ్యోర్న్ ఒట్టోసన్ రూపొందించిన ఓక్‌ల్యాబ్ పద్ధతి మనిషి కంటికి వెలుగు ఎగుడుదిగుళ్లు లేకుండా రంగులను కలుపుతుంది. అయితే ఎదురెదురు రంగులు కలిసేచోట వచ్చే వెలితిని అదీ పూర్తిగా తీర్చలేదు.

ప్రకృతి ఈ నడిమి రంగును ఎలా తీర్చిందో చూడడానికి శ్రీకాకుళం జిల్లాలో తూర్పుకు తిరిగిన సముద్రతీరమంతా పనికివస్తుంది. తూర్పు గంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చెప్పే అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం ఈ జిల్లాలోనే ఉండడం వల్ల రథసప్తమి వీడియోలన్నిటికీ ఉదయపు ఆకాశమే నేపథ్యమవుతుంది. ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ తొలి కిరణాలు ఆ ఆలయంలోని మూలవిరాట్టును తాకుతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు నిక్కమైన తూర్పుకు కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు గనుక ఇందులో లెక్క తప్పడం లేదు.

ఆ వేళ ఆకాశంలో దిగంతం దగ్గర ఎరుపు కలిసిన నారింజ, నడినెత్తిన నీలం ఉంటాయి. గాలిలోని అణువులు 450 నానోమీటర్ల నీలికాంతిని 650 నానోమీటర్ల ఎర్రకాంతి కన్నా నాలుగు రెట్లకు పైగా చెదరగొట్టడం వల్ల, వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి వచ్చే వెలుగులో ఎరుపే మిగులుతుంది. ఆ నారింజకూ నీలానికీ నడుమ ఉండేది బూడిద కాదు. అన్ని రంగుల కాంతీ కొంతకొంత కలిసిన లేత పసుపు, ఆపైన పాలిపోయిన తెలుపు. కాబట్టి నారింజకూ నీలానికీ మధ్య వెన్నరంగు గుర్తు ఒకటి తానుగా పెట్టని కళాకారుడు సూర్యోదయాన్ని సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టి ఊరుకున్నట్టే.

కాలం విషయంలోనూ ఇదే జరుగుతుంది. శ్రీకాకుళం అక్షాంశంలో సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి పైకి తొంగిచూసేదాకా సుమారు 22 నిమిషాలు పడుతుంది, ఆ కాస్త వ్యవధిలోనే నేల మీద పడే వెలుగు దాదాపు నూరు రెట్లు పెరుగుతుంది. దీన్ని పది సెకన్లకు కుదించేటప్పుడు కీఫ్రేముల మధ్య మార్పును ఒకే వేగంతో నడిపిస్తే తెర మీద దీపం వోల్టేజీ పెంచినట్టుంటుందే గాని తెల్లవారినట్టుండదు. మొదట్లో మందంగా సాగి, తరువాత ఊపందుకునేలా గ్రాఫ్ ఎడిటర్‌లో వేగపు గీతను వంచుకోవాలి. ఎల్‌ఈడీ తెర మీద ఆగకుండా తిరిగే వీడియో అయితే చివరి కీఫ్రేము మొదటిదానితో సరిపోవాలి, లేకుంటే ప్రతి తిరుగుడుకూ ఒక కుదుపు కనిపిస్తుంది.

ఇక వీడియోలు కూర్చే మిక్సింగ్ షాపులవారిని ఎక్కువగా వేధించేది బ్యాండింగ్, అంటే పూత పట్టీలు పట్టీలుగా విడిపోయి కనిపించడం. 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. వేకువకు ముందరి ముదురు నీలం నుంచి దానికన్నా కాస్త లేత నీలానికి తేడా 40 మెట్లే అనుకుంటే, 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో మెట్టు 48 పిక్సెళ్ల పట్టీగా బయటపడుతుంది. ప్రాజెక్టును 16 బిట్లకు మార్చి, గ్రేడియంట్ ర్యాంప్‌లోని స్కాటర్ విలువ పెంచి సన్నని రేణువులు చల్లితే పట్టీల అంచులు చెదిరిపోతాయి. కానీ ఆ వీడియో చివరకు వాట్సాప్‌లో చేతులు మారుతున్నప్పుడు కుదింపు ఆ రేణువులనే ముందు తుడిచేసి, పట్టీలను తిరిగి తెస్తుంది. ఫోన్లలో తిరగవలసిన వీడియోకు తేడా తక్కువైన ముదురు రంగుల పూతలను వాడకపోవడమే మంచిది.

ఈ పని నేర్చుకునే శ్రీకాకుళం, విజయనగరం యువతకు సిద్ధంగా దొరికే టెంప్లేట్ల కన్నా తమ తీరమే మేలైన పాఠం. కళింగపట్నంలోనో, బారువలోనో వేకువ నుంచి సూర్యోదయం దాకా రెండేసి నిమిషాలకొక ఫొటో తీసి, ప్రతి ఫొటోలోనూ దిగంతం, నడుమ, నడినెత్తి రంగులను ఐడ్రాపర్‌తో ఎత్తి కీఫ్రేములుగా పెట్టుకోవాలి. ఫోన్ కెమెరా నారింజను తానే సవరించి తెల్లబరచకుండా, ఫొటోలు మొదలుపెట్టక ముందే వైట్ బ్యాలెన్స్‌ను ఒకచోట లాక్ చేసుకోవడం మరవకూడదు.