మూడు కిలోల కాలిపర్ మూడు వందల గ్రాములైంది

మాచర్ల, గురజాల పల్లెల్లో నలభై ఏళ్లు దాటిన వారికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. బడికి వెళ్లే పిల్లవాని కాలికి రెండు పక్కల ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, అడుగున బరువైన బూటు. అదే కాలిపర్. పోలియో వలన కండరాలు చచ్చుపడిన కాలికి దాదాపు మూడు కిలోల బరువు!

మన హైదరాబాదులో దీనికి ఒక దారి దొరికింది. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్.ను చూడటానికి వెళ్లి, అక్కడి తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయారు. తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ అబ్దుల్ కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్లి, కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాలలో సుమారు 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం గారు చాలా సభలలో చెప్పారు.

దీనికి వాడినది గాజు పోగులు కలిపిన పాలీప్రొపిలీన్. ఎరువుల బస్తాలు నేసే ప్లాస్టిక్ ఈ జాతిదే. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. గాజు పోగులు దానికి బలాన్నిస్తాయి.

ఇది పనిచేసే తీరు సులభం. మడమను కదలకుండా పట్టి ఉంచుతుంది. అడుగు వేసినప్పుడు నేల నుండి వచ్చే ఒత్తిడి మోకాలి కింద ముందు భాగాన్ని వెనక్కు నెడుతుంది. దానితో మోకాలు మడత పడకుండా నిలుస్తుంది. అయితే మోకాలు వంగి బిగుసుకుపోయిన వారికి ఇది సరిపోదు. వారికి ముందు వ్యాయామం గాని, ఆపరేషన్ గాని అవసరం కావచ్చు.

2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. కాని ఆనాడు పోలియో సోకినవారు మన మధ్యనే ఉన్నారు. పక్షవాతంతో పాదం వాలిపోయిన పెద్దలకు, మెదడు దెబ్బతిని నడక రాని పిల్లలకు కూడా ఇటువంటి ప్లాస్టిక్ పట్టీలు ఇస్తారు. వాడేవారికి మేము చెప్పేది ఇదే:

ఒకరి పట్టీ మరొకరు వాడకూడదు. ఎవరి కాలి కొలత వారిదే.

పిల్లల కాలు పెరిగేకొద్దీ కొలత మళ్లీ చూపించండి.

నూలు మేజోడు వేసుకుని, దానిపై పట్టీ ధరించండి.

విప్పిన అరగంటకు కూడా ఎర్రటి మచ్చ పోకపోతే పట్టీ ఒరుసుకుంటున్నట్లే. వాడటం ఆపి చూపించుకోండి.

షుగరు, కుష్ఠు వలన స్పర్శ తగ్గినవారికి పుండు పడినా నొప్పి తెలియదు. ప్రతి సాయంత్రం ఇంట్లోవారు పాదం చూడాలి.

పల్నాటి ఎండలో, పొయ్యి దగ్గర పట్టీని ఉంచవద్దు. ఆకారం మారిపోతుంది.

బరువుకు విసిగి పాత కాలిపర్‌ను అటక మీద పడేసి, ఇన్నాళ్లూ మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తున్నవారు మీ ఇంట్లో ఉన్నారా? “ఈ వయసులో ఇంకెందుకులే” అనుకోవద్దు. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి.